పదేండ్ల సర్టిఫికెట్ అని తిప్పి పంపిన్రు: మా ఫిల్మ్ సొసైటీ మొదటి షో

నిన్న రాత్రి మా ఫిల్మ్ సొసైటీ, అంటే సినిమాను కళగ చూసేటోళ్ల సంఘం, మొదటి షో అయిపోయింది. తెర మడిచి, వరంగల్ కొత్తవాడల నేసిన శత్రంజీలు (కింద పరిచే మందపాటి నూలు జంపఖానాలు) ఆటోకెత్తే సరికి పదిన్నర దాటింది. హన్మకొండల మేం పడ్డ తిప్పలు కరీంనగర్‌ల, మంచిర్యాలల ఇట్లాంటి సంఘం పెట్టాలనుకునేటోళ్లు పడొద్దని, గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్న.

సొసైటీ రిజిస్ట్రేషన్ తేలికనే. 2001 సొసైటీల చట్టం కింద కనీసం 7 మంది సభ్యులుండాలె, ఆశయాల పత్రం, నియమావళి రాసుకోవాలె. "ప్రదర్శనలు సభ్యులకే" అన్న మాట, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలన్న మాట నియమావళిల మొదట్నే పెట్టుకోండి.

హక్కుల దగ్గర చాలామంది పొరపాటు పడుతరు. టికెట్ లేకుంటే అనుమతి అవసరం లేదని చెప్పేటోళ్లు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చూపిస్తరు. అండ్ల ఔత్సాహిక సంఘాలకు ఇచ్చిన మినహాయింపు నాటకానికి, సాహిత్యానికి, సంగీతానికే గని సినిమాకు కాదు. కాలేజీల పిల్లలకు, టీచర్లకు చూపించేది వేరే క్లాజు, అది బయటి జనానికి పనికిరాదు. ఓటీటీ చందా ఇంట్ల చూసుకునేటందుకే. సినిమా మీద హక్కులు ఎన్నాళ్లుంటయో తెలవాలంటే, విడుదలైన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏండ్లు లెక్కపెట్టండి. 1964ల వచ్చిన సినిమా హక్కులు 2024 ఆఖరుకు తీరినయి. అంతకంటే కొత్తదైతే నిర్మాత దగ్గరికి, లేదా ఆయన హక్కులమ్మిన వాళ్ల దగ్గరికి పోవాల్సిందే. డైరెక్టర్ సరే అంటే సరిపోదు.

మేం ఎంచుకున్నది ఒక పాత బెంగాలీ సినిమా, 60 ఏండ్లు నిండనిది. హక్కుదారులు మర్యాదగ మాట్లాడిన్రు, ఒక్క షోకు ఒప్పుకున్నరు. అయితే అనుమతి ఉత్తరంల తేదీ, హాలు పేరు రాయాలన్నరు. హాలోళ్లేమో ఉత్తరం చూపిస్తేనే తేదీ ఇస్తమన్నరు. ఈ చిక్కుముడి మీక్కూడ వస్తది. "ఈ రెండు నెలలల ఏదో ఒక ఆదివారం, హన్మకొండల, ఒక్క షో, టికెట్ లేకుండ, సభ్యులకు" అని రాసియ్యమని అడగండి. తెలుగు సబ్‌టైటిల్స్ వేసుకునే అనుమతి కూడ అదే ఉత్తరంల ఉండాలె. అనువాదం కూడ హక్కు కిందికే వస్తది. ఈ ఒక్క ఉత్తరమే తర్వాత మమ్ముల కాపాడింది.

ఇగ హాలు. ఊర్ల ఒక ప్రభుత్వ హాలు అడిగినం. మొదటిసారి పోతే హాలు ఇచ్చే సార్ లేడు. రెండోసారి పోతే, "ఊర్ల ఇన్ని టాకీసులుండంగ ఇక్కడ సినిమా ఏంది?" అన్నడు. ఫిల్మ్ సొసైటీలు కొత్తగ పుట్టినయి కావు, వాటి జాతీయ సమాఖ్య 1959లనే ఏర్పడ్డది, సత్యజిత్ రాయ్ దానికి మొదటి అధ్యక్షుడు అని మా కార్యదర్శి మేడం చెప్పవోతే మధ్యల ఆపి, "సభ్యులకే అంటె తలుపులేసుకొని చూసే సినిమాలా?" అన్నడు. గదిల ఇంకో పదిమంది ఉన్నరు. ఆమె ముప్పయి ఏండ్లు బడిల పాఠాలు చెప్పిన మనిషి. ఒక్క కుర్చీ చూపించలే, పైంగ ఆ మాట. సినిమాను కళగ చూసేటోళ్లను గా చూపు చూసుడు ఈ ఊరికి తగదు. నాటకానికి, ఒగ్గుకథకు, కవి సమ్మేళనానికి చాపలు పరిచిన ఊరిది.

మూడోసారి సెన్సార్ సర్టిఫికెట్ నకలు పట్టుకపోయినం. తిరగేసి చూసి, "ఇది పదేండ్లకే చెల్లుతది, ఎన్నడో అయిపోయింది, కొత్తది తెండి" అని పక్కకు పడేసిండు. ఆ నిమిషంల మాకు జవాబు రాలేదు, అదే పెద్ద బాధ. ఇంటికొచ్చి చట్టం తీసి చదివినం. సినిమాటోగ్రాఫ్ చట్టంల పదేండ్ల మాట ఉండేది నిజమే. 2023 సవరణల దాన్ని తీసేసిన్రు, ఇప్పుడు సర్టిఫికెట్ ఎప్పటికీ చెల్లుతది. ఆ పేజీ ప్రింట్ తీసి, ఆ వాక్యం కింద గీత గీసి నాలుగోసారి పోయినం. చదవకుండనే, "మాకు పైనుంచి కాయితం రాలే" అన్నడు.

ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటున్నది. నాలుగుసార్లూ నోటిమాటతోనే తిరిగొచ్చినం. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకటి ఇన్‌వర్డ్‌ల (ఆఫీసుల కాయితాలు తీసుకునే కాడ) ఇచ్చి, రెండోదాని మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. వద్దనేటోడు వద్దని రాసియ్యాలె. రాయకుంటే 10 రూపాయల ఫీజుతోని సమాచార హక్కు కింద మీ దరఖాస్తు ఏమైందని అడగండి, 30 రోజులల జవాబియ్యాలె. ఇంకొకటి: మన దేశంల సర్టిఫికెట్ లేని విదేశీ సినిమా మొదటి షోకు పెట్టుకోకండి. దానికి సినిమాటోగ్రాఫ్ చట్టం 9వ సెక్షన్ కింద కేంద్రం మినహాయింపు కావాలె. పదేండ్ల సర్టిఫికెట్‌కే గింత తిప్పినోళ్లు దానికేమంటరో చెప్పనవసరం లేదు.

ఆఖరుకు ఒక పెన్షనర్ల సంఘం పెద్దాయన తమ భవనం ఇచ్చిన్రు. చాయ్ తాగి లేచేలోపల తేదీ ఖాయమైంది. ఉత్తరంల ఒక్క తేదీ రాయించుకొని ఉంటే అప్పటికే మురిగిపోయేది.

ఆ హాలు 50 అడుగుల పొడవు, కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు. ముందురోజు పరీక్షించి చూస్తే మాట ఒక్కటి అర్థం కాలే. శబ్దం వెనక గోడ దాక పోయి ముందు వరుసకు తిరిగొచ్చేసరికి 100 అడుగులు, అంటే దాదాపు 0.09 సెకను. 0.05 దాటితే అదే మాట రెండోసారి విన్నట్టుంటది. వాల్యూం పెంచితే ఇంకా పాడైతది. 8 శత్రంజీలు తెచ్చి వెనక గోడకు వేలాడదీసినం, గోడకు ఆనకుండ 6 అంగుళాల ఎడంతోని, మడతలు మడతలుగ. గోడకు ఆనిస్తే అంత గుణం రాదు. బేస్ తగ్గించి, స్పీకర్లను తల ఎత్తున స్టాండ్ల మీద పెట్టినంక హల్లులు విడివిడిగ వినబడ్డయి. 2018ల వరంగల్ శత్రంజీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సినిమా హాలుకు కూడ పనికొస్తయని మేం రుజువు చేసినం.

తెర వెడల్పు 10 అడుగులు, కింది అంచు నేల నుంచి నాలుగున్నర అడుగులు. అంతకంటే దించితే సబ్‌టైటిల్ ముందోళ్ల తలల వెనక పోతది. మా ప్రొజెక్టర్ 15 అడుగుల దూరంల ఉండాలె, అంటే కుర్చీల నడుమనే. రెండు వరుసల మధ్య దారి వదిలి స్టూలు మీద పెట్టినం. 3,500 ల్యూమెన్ల వెలుతురు చీకటి హాలుకు చాలు. కరెంటు పోతే ల్యాంపు చల్లారేదాక మళ్ల వెలగదు, కాబట్టి దానికి యూపీఎస్ ఉండాల్సిందే.

సబ్‌టైటిల్ ఫైలును తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 పద్ధతిల దాచి, ప్లేయర్‌ల తెలుగు ఫాంటు ఎంచుకోకపోతే అక్షరాల జాగల డబ్బాలొస్తయి. మాకు ఇంకో చిక్కొచ్చింది: మొదట్ల సరిగ్గనే ఉన్న సబ్‌టైటిల్ గంట గడిచేసరికి రెండున్నర నిమిషాలు ముందు పడుతున్నది. అది సెకనుకు 25 ఫ్రేముల (బొమ్మల) కాపీకి చేసింది, మా సినిమా 24 ఫ్రేములది. వీఎల్‌సీ ప్లేయర్‌ల జీ, హెచ్ మీటలు నొక్కితే మొత్తం జరుగుతది గని ఈ సాగుడు పోదు. సబ్‌టైటిల్ ఎడిటర్‌ల ఫ్రేమ్ రేటు మార్చి దాచుకోవాలె. ముందురోజు మొదటి పది నిమిషాలే చూసి ఊకుంటే ఇది దొరకదు, ఆఖరు సీను కూడ పెట్టి చూడండి.

వచ్చే షో పొద్దుగూకకముందే మొదలుపెట్టాలని మేడం అంటున్నరు, ఆడవాళ్లకు ఇండ్లకు పోవుడు ఇబ్బందైతుందట. దానికి పడమటి దిక్కు 6 కిటికీలకు నల్లగుడ్డ కావాలె. రేపు కొలతలు తీస్తం.