మావాడు ట్రయౌట్స్‌కి రానన్నాడు

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉన్నప్పుడు, "నేను ట్రయౌట్స్‌కి వెళ్ళట్లేదు నాన్నా" అన్నాడు మావాడు. బాస్కెట్‌బాల్ టీమ్‌కి ఆటగాళ్ళని ఎంచే పోటీలవి. ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పి, మళ్ళీ ఫోన్‌లోకి తల దించేశాడు. వెనకాల కారువాడు హారన్ కొట్టేదాకా లైటు పచ్చగా మారిందని నాకు తెలీలేదు.

వాడికి పద్నాలుగేళ్ళు. ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ. అటు మా వంశంలో గానీ ఇటు వాళ్ళమ్మ వైపు గానీ ఎవరికీ లేని ఎత్తు. ఎడమచేత్తో కూడా కుడిచేత్తో ఆడించినట్టే బంతి ఆడిస్తాడు. చేతిలో విద్య ఉందని వాళ్ళ కోచ్ రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు.

అసలు విషయం ముందే ఒప్పుకుంటే మంచిది. ఐదో తరగతిలో వాడు బాస్కెట్‌బాల్ ఆడతానంటే అడ్డుపడింది నేనే. శనివారం పొద్దున మ్యాథ్ క్లాసు ఉండేది మరి. "ఆటలు కూడు పెడతాయా?" అని కూడా అన్నాను. అది మా నాన్న డైలాగు. గొంతుతో సహా దిగింది. తర్వాత ఎప్పుడో కోచ్ నోటి నుంచి 'పొటెన్షియల్' అన్న మాట వినబడగానే ప్లేటు ఫిరాయించాను. డ్రైవ్‌వేలో హూప్ పాతించాను, ప్రైవేట్ కోచింగ్‌కి కట్టాను, వీకెండ్లన్నీ టోర్నమెంట్లే. మ్యాథ్ క్లాసు మాత్రం మానిపించలేదు లెండి, ఆదివారానికి మార్చాను.

సరే, కారులో నాకు కోపం వచ్చింది. సియాటిల్‌లో కోపం వచ్చిన తండ్రికి చేతికందే కథ ఒకటుంది, షాన్ కెంప్‌ది. కాలేజీ బాస్కెట్‌బాల్ ఒక్క ఆటా ఆడకుండా 1989లో ఈ ఊరి అప్పటి ప్రొఫెషనల్ టీమ్ సూపర్‌సోనిక్స్‌కి, అంటే సోనిక్స్‌కి, వచ్చిన కుర్రాడు. ఆయన గాల్లోకి లేచి బంతి బుట్టలో కుక్కుతుంటే జనం కుర్చీల్లోంచి లేచేవారట. 1996 ఫైనల్స్‌లో మైకేల్ జోర్డన్ టీమ్ మీద ఆటకి 23 పాయింట్ల పైనే చేశాడు. ఆరు ఆటల్లో ఓడిపోయారు. ఆ వేసవిలోనే టీమ్‌వాళ్ళు, ఆయన దరిదాపుల్లోకి కూడా రాని ఒక ఆటగాడికి ఏడేళ్ళకి 33 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. కెంప్‌దేమో పాత కాంట్రాక్టు. మనసు విరిగింది. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్ వెళ్ళిపోయాడు, అక్కడ ఒళ్ళు వచ్చింది, 2003 కల్లా ఆటే అయిపోయింది. దేవుడిచ్చింది చేతులారా పోగొట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది, అని ముగించాను. హరికథ చెప్పిన అలసట వచ్చింది నాకు.

మావాడు ఫోన్‌లో ఏదో వెతికాడు. "సిక్స్ టైమ్స్ ఆల్‌స్టార్ నాన్నా ఆయన. ఆయనది వేస్ట్ అంటే, మరి నీది?"

నేను నీళ్ళు నమిలాను.

నేను గుంటూరులో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. పసుపు ఉన్ని బంతితో, అటు ఐదుగురు ఇటు ఐదుగురు ఆడే ఆట. అమెరికాలో దాని పేరు చెబితే షటిల్ అనుకుంటారు, మేమూ విడమర్చి చెప్పడం మానేశాం. పదో తరగతిలో జిల్లా జట్టుకి ఎంపికయ్యాను. ఇంటర్‌కి నన్ను రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. రెండేళ్ళు గ్రౌండ్ మొహం చూడలేదు. ఎంసెట్ ర్యాంకు వచ్చింది, నా బ్యాట్ ఏమైందో తెలీదు. ఇదంతా మావాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఈ రాత్రి కూర్చుని ఆలోచిస్తున్నా తేలట్లేదు.

వాడు అక్కడితో ఆపలేదు. సోనిక్స్ వెళ్ళిపోయిన కథ కూడా నేనే వాడికి వందసార్లు చెప్పి ఉంటాను. 2006లో ఓక్లహోమా వ్యాపారులు కొనుక్కున్నారు. కొత్త స్టేడియానికి ప్రజల డబ్బు పెట్టమంటే ఇక్కడివాళ్ళు ససేమిరా అన్నారు. ఊరికి 45 మిలియన్ డాలర్లు కట్టి 2008లో టీమ్‌ని పట్టుకుపోయారు. నేనప్పటికి వచ్చి ఏడాది కాలేదు. ఆఫీసులో ఒకాయన టికెట్ మిగిలిందంటే ఏప్రిల్ 13న ఆఖరి ఆటకి వెళ్ళాను. రూల్స్ సగం తెలీవు. కెవిన్ డురాంట్ అప్పుడు కొత్త కుర్రాడు, ఊచలా ఉండేవాడు. డల్లాస్ మీద గెలిచారు కూడా. ఆట అయిపోయినా జనం కదల్లేదు. నా పక్కన యాభై ఏళ్ళాయన ఆకుపచ్చ జెర్సీ అంచు రెండు చేతుల్తో మెలిపెడుతూ, నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏమనాలో తెలీక నా పాప్‌కార్న్ డబ్బా ఆయన ముందు పెట్టాను. ఆయన నిజంగానే రెండు గింజలు తీసుకున్నాడు.

"వాళ్ళు ఓక్లహోమా వెళ్ళి చాంపియన్స్ అయ్యారు. బెటర్ ఆఫర్ వచ్చింది, వెళ్ళారు. నువ్వూ అంతేగా వచ్చావు. తాతయ్య అలా కూర్చున్నాడా?" అన్నాడు మావాడు.

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. వాళ్ళ తాతయ్య బేగంపేట ఎయిర్‌పోర్టులో గేటు బయటే ఆగిపోయాడు, లోపలికి రానివ్వరు కదా. "మజ్జిగ తాగి వెళ్ళాల్సింది" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఆయన ఎక్కడ కూర్చున్నాడో, ఎంతసేపు కూర్చున్నాడో నేను వెనక్కి తిరిగి చూస్తే కదా. సోనిక్స్ వాళ్ళు పేరూ రంగులూ ఈ ఊరికే వదిలేసి వెళ్ళారు. మేం మాత్రం ఇంటిపేరు మోసుకొచ్చాం. మావాడు దాన్ని స్కూల్లో ఎలా పలుకుతాడో వింటే మా నాన్న గుర్తుపట్టడు.

పిల్లలకి ఇష్టమైంది చెయ్యనివ్వండి అని తెలుగు సంఘం మీటింగులో మైకు పట్టుకుని చెప్పినవాణ్ణి నేను. చప్పట్లు కూడా కొట్టారు. మరి వీడికి ఇష్టం లేనిది మాననివ్వాలా? బద్ధకమో, భయమో, నిజంగా ఇష్టం పోయిందో ఎలా తెలుస్తుంది? రేపు ముప్పై ఏళ్ళొచ్చాక "ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది నాన్నా" అంటే? మా నాన్నని నేను ఎన్నడూ అడగలేదు గానీ, అడిగి ఉంటే ఆయన ఏమనేవాడు?

రాత్రి మా ఆవిడతో, "వాడిష్టం, వదిలేద్దాం" అన్నాను. చాలా పెద్దమనిషిలా అన్నాను. ట్రయౌట్స్ సోమవారం. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన ఫారం నా లాప్‌టాప్ బ్యాగులో, పక్క జేబులో ఉంది. సంతకం పెట్టేశాను.