నీళ్ల ట్యూబులో లేచిన గీత

ఏడో నెలలో ఈసుకుపోయిన గేదె మాయ ముక్క నిన్న మా ల్యాబ్‌కొచ్చింది. పశువుల్ని ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా క్రిమిని, దాని జన్యువుకు కాపీలు తీసి పట్టే పీసీఆర్ టెస్టు ఎంత నమ్మకమైనదో మూడు నెలలుగా తేల్చుకుంటున్నాం. శాంపిల్ పాజిటివ్. కానీ ఏమీ రాకూడని ఉత్త నీళ్ల ట్యూబులోనూ 36వ సైకిల్ (కాపీలు తీసే విడత) దగ్గర గ్రాఫులో గీత లేచింది! గుండె జారిపోయింది. ప్లేటంతా పారేసి, పిప్పెట్లు తుడిచి, మళ్లీ మొదలు. రోజ్ బెంగాల్ అనే రక్తపరీక్ష యెర్సీనియా ఓ:9 అనే వేరే క్రిమిని చూసి కూడా పొరబడుతుంది, అందుకే జన్యువునే వెతుకుతున్నాం. ఐఎస్711 అనే డీఎన్‌ఏ ముక్క బ్రూసెల్లా జన్యువుల్లో చాలాచోట్ల ఉంటుంది, క్రిమి కొంచెమున్నా దొరుకుతుంది. అదే సున్నితత్వం వల్ల వేరే ట్యూబు నుంచి కంటికి కనపడని తుంపర పడినా చాలు, లేని రోగం అంటగట్టడానికి.

పొద్దున్నే రైతు ఫోన్. "మేడం, ఉంచమంటారా, అమ్మేయమంటారా?"

అమ్మొద్దన్నా. విడిగా కట్టమన్నా. పచ్చిపాలు ఎవరూ తాగొద్దన్నా. ఫలితం మాత్రం రేపు చెప్తానన్నా. రెండో ప్లేటు ఇప్పుడే పెట్టాను.