పది రోజులు దాచిన తిమ్మిరి

టీబీ అని తేలినప్పుడు పెద్దగా భయపడలేదు. ఆరు నెలలు మాత్రలు మింగితే పోయే జబ్బే కదా అనుకున్నాను. తెమడ పరీక్ష చూసి మామూలు నాలుగు మందులు మొదలుపెట్టారు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ పుణ్యమా అని మూత్రం నారింజ రంగుకు తిరిగింది. ఆ రంగుకు ఇంకా అలవాటు పడకముందే జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. నాలోని క్రిమి ఆ రిఫాంపిసిన్‌కే లొంగదట!

అప్పుడు వేసింది భయం. ఇలాంటి టీబీకి ఒకప్పుడు ఏడాదిన్నరకు పైగా చికిత్స, అందులో నెలల తరబడి సూదిమందు. దానివల్ల వినికిడి పోగొట్టుకున్నవారు ఎందరో. నాకు రాసినవి మాత్రం ఆరు నెలల మాత్రలే: బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. ఈ నాలుగింటినీ కలిపి వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో గానీ చెప్పలేదు. బెడాక్విలిన్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 2012 డిసెంబరులో. అంతకు ముందు నలభై ఏళ్లపాటు టీబీ కోసం కొత్త తరహా మందే రాలేదు. ప్రెటోమానిడ్‌ను 2019లో అనుమతి దాకా నడిపించింది టీబీ అలయన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ. ఏటా పది లక్షలకు పైగా ప్రాణాలు తీసే జబ్బుకు ఇంత తీరికా అని కోపం వచ్చింది. పదేళ్ల ముందే ఈ జబ్బు పట్టుకుని ఉంటే నా చెవులు ఏమయ్యేవోనని గుండె ఝల్లుమంది కూడా.

బెడాక్విలిన్ మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి మూడుసార్లు. కడుపులో తిండి ఉంటేనే అది ఒంటికి బాగా పడుతుంది. అన్నం చూస్తేనే వికారం పుట్టే రోజుల్లో ఆ షరతు ఒక శిక్ష. గుండె లయ తప్పుతుందేమోనని మధ్యమధ్య ఈసీజీ తీసేవారు.

అసలు కథ లినెజోలిడ్‌ది. మూడో నెల దాటాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. అప్పటికి దగ్గు లేదు, బరువు పెరుగుతున్నాను. చెబితే మందు ఆపేస్తారేమో, మళ్లీ మొదటికి వస్తుందేమోనని పది రోజులు నోరు మెదపలేదు. రాత్రిళ్లు దుప్పటి తగిలినా పాదాలు మండేసరికి చెప్పక తప్పలేదు. డాక్టరుగారు కోప్పడలేదు. 600 మిల్లీగ్రాముల మోతాదును 300కు తగ్గించి, కళ్లు, రక్తం పరీక్ష చేయించారు. ఆ మందు చూపునూ దెబ్బతీయగలదని, రక్తకణాలనూ తగ్గించగలదని అప్పుడు గట్టిగా చెప్పారు. మొదటి రోజూ చెప్పే ఉంటారు, నేనే వినిపించుకోలేదు.

మాత్రలు అయిపోయి రెండు నెలలైంది. తెమడలో క్రిమి లేదు. బెడాక్విలిన్ మాత్రం ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి ఇంకా నెలలు పడుతుందట. మంట తగ్గింది కానీ, చెప్పులు జారినా కాలికి వెంటనే తెలియడం లేదు.