నల్లగొండ ఫ్లోరైడును సిమ్యులేషన్ పెట్టెలో వేసేముందు చూడాల్సిన లెక్కలు

మర్రిగూడ, మునుగోడు, చండూరు బోరు నీళ్ల మీద ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థులు సిమ్యులేషన్ (పరమాణువుల కదలికలను కంప్యూటర్లో లెక్కగట్టడం) కూడా నేర్చుకోవాలని నా గట్టి కోరిక. అయితే దయచేసి డాకింగ్‌తో, అంటే ఒక అణువు ప్రోటీనులో ఎక్కడ, ఎలా అతుక్కుంటుందో అంచనా వేసే పద్ధతితో మొదలుపెట్టకండి. డాకింగ్ ప్రోగ్రాం ఆటోడాక్ వీనా ఇచ్చే స్కోరు మందులాంటి చిన్న సేంద్రియ అణువుల కోసం తయారైంది. ఒంటరి ఫ్లోరైడు అయానుకు అది ఇచ్చే అంకెకు అర్థం లేదు.

అడగదగ్గ ప్రశ్న వేరే ఉంది: ఎముక, పంటి ఖనిజానికి దగ్గరి రూపమైన హైడ్రాక్సీఅపటైట్ ఫ్లోరైడును ఎంత గట్టిగా పట్టుకుంటుంది? దీనికి గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాం చాలు, ఉచితం.

ముందు గాఢత సంగతి. భుజం 10 నానోమీటర్లున్న ఘనపు పెట్టెలో సుమారు 33,000 నీటి అణువులు, అంటే లక్ష పరమాణువులు పడతాయి. అందులో ఒకే ఒక్క ఫ్లోరైడు వేసినా లీటరుకు 31.5 మిల్లీగ్రాములైనట్టే. వేరే నీటి వసతి లేనప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఒప్పుకునే హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆ గాఢతకు ఒక్క అయాను రావాలంటే భుజం 27.6 నానోమీటర్లు, నీటి అణువులు 7 లక్షలు కావాలి. అందుకే "మా ఊరి నీటి గాఢత దగ్గర నడిపాం" అని రాయకండి. ఒక్క అయాను ఉపరితలానికి అతుక్కునే స్వేచ్ఛాశక్తి (ఫ్రీ ఎనర్జీ) లెక్కగట్టండి, గాఢతను తర్వాత సమీకరణంలో కలపండి.

ఎక్కువమంది ఇరుక్కునేది స్ఫటికం దగ్గర. హైడ్రాక్సీఅపటైట్ షట్కోణ కోష్ఠిక (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడి) కొలతలు ఎ 9.42, సి 6.88 ఆంగ్‌స్ట్రాములు, అందులో 44 పరమాణువులు. స్ఫటిక డేటాబేస్ ఫైల్లో హైడ్రాక్సిల్ స్థానాలు సగం సగం నిండినట్టు ఉంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే రెండు హైడ్రాక్సిళ్లు ఒకదానిమీద ఒకటి పడి మొదటి అడుగుల్లోనే రన్ పేలిపోతుంది. ఒక్కో స్థానంలో ఒకటే ఉంచాలి. అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పినా చిక్కే, ఈ కోష్ఠికలతో కట్టే పలకకు నిలువునా డైపోల్ (ఒక వైపు ధన, మరో వైపు రుణ ఆవేశం) వస్తుంది. ఒక వరుస పైకి, పక్కది కిందికి పెట్టండి. అడ్డంగా 4×4, లోతుకు 3 కోష్ఠికలు, పైన 6 నానోమీటర్ల నీళ్లు సరిపోతాయి. పలక కోసేటప్పుడు ఫాస్ఫేటు మాత్రం తెగకూడదు.

ఖనిజానికి ఇంటర్‌ఫేస్ అనే ఫోర్స్‌ఫీల్డు (పరమాణువుల మధ్య బలాల సూత్రాలు, అంకెల పట్టిక) బాగుంటుంది. ఫ్లోరైడుకు జౌంగ్–చీతమ్ పారామీటర్లు నీటి నమూనాను బట్టి మారతాయి. ఎస్‌పీసీఈ నీటి నమూనాకిచ్చిన అంకెలు టిప్3పీ నమూనా నీళ్లలో వేయొద్దు. తోడుగా ఒక సోడియం వేసి ఆవేశం సున్నా చేయండి. కటాఫ్ (బలాలను నేరుగా లెక్కించే దూరం) 1.2 నానోమీటర్లు, దూరపు ఆవేశాలకు పీఎంఈ పద్ధతి, హైడ్రోజన్ ఉన్న బంధాల పొడవు బిగించి టైమ్‌స్టెప్ 2 ఫెమ్టోసెకన్లు.

ఫ్లోరైడు చుట్టూ నీటిని గట్టిగా పట్టి ఉంచుకుంటుంది. ఊరికే 100 నానోసెకన్లు నడిపితే ఉపరితలం చేరకపోవచ్చు. అందుకే అంబ్రెల్లా శాంప్లింగ్, అంటే అయానును ఉపరితలం నుంచి ఒక్కో దూరంలో (విండోలో) ఊహా స్ప్రింగ్‌తో పట్టి ఉంచి విడివిడిగా నడపడం: 0.1 నానోమీటరుకో విండో, స్ప్రింగ్ బలం 1000 కిలోజౌళ్లు ప్రతి మోల్‌కు, చదరపు నానోమీటరుకు. ఉపరితలం దగ్గర విండోలు 0.05కి తగ్గించి స్ప్రింగ్ పెంచండి. పక్కపక్క విండోల హిస్టోగ్రాములు ఒకదానిమీదికి ఒకటి రాకపోతే, విండోలన్నిటినీ కలిపే వామ్ పద్ధతి గీసే స్వేచ్ఛాశక్తి గీత నమ్మదగింది కాదు.

బంధాలు తెగి హైడ్రాక్సిల్ బయటికి పోవడం ఈ పద్ధతిలో కనిపించదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వారి, నీటి నుంచి ఫ్లోరైడు తీసే నల్లగొండ టెక్నిక్‌లో అల్యూమినియం ఫ్లోరైడును పట్టుకునే తీరు కూడా అంతే. వాటికి ఎలక్ట్రాన్లను కూడా లెక్కించే సీపీ2కే లాంటి డీఎఫ్‌టీ ప్రోగ్రాం కావాలి.

కరెంటు పోతే భయపడకండి, గ్రోమాక్స్ 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ రాస్తుంది, అక్కడి నుంచే కొనసాగించొచ్చు. అన్నీ అయ్యాక ప్రతి విండో డేటాను రెండు సగాలు చేసి వేర్వేరుగా గీత గీయండి. రెండింటికీ తేడా మోల్‌కు 2.5 కిలోజౌళ్లు దాటితే రన్ ఇంకా పొడిగించాలి.