అరషియామాలో వందమంది కవులు

క్యోటో స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే పావుగంటలో సాగా-అరషియామా. దిగిన జనం చాలావరకు వెదురు తోట దారి పట్టారు. నేను నది ఒడ్డునున్న బుంకకాన్ మ్యూజియంకి నడిచాను. పదమూడో శతాబ్దంలో ఫుజివారా నో తేకా అనే కవి వందమంది కవుల నుంచి ఒక్కో పద్యం ఏరి 'హ్యాకునిన్ ఇష్షు' కూర్చింది ఈ ఒగురా కొండ దగ్గరే అంటారు.

మొదటి పద్యం తెంజి చక్రవర్తిది. కోతల వేళ చేను కాపలా గుడిసె, పలచటి గడ్డి కప్పు, మంచుకి తడుస్తున్న బట్టలు. చక్రవర్తికి కాపలా ఏంటనిపించింది గానీ, మంచె మీద రాత్రిళ్లు గడిపిన మనవాళ్లకి ఆ చలి వివరించక్కర్లేదు.

అయితే గాజు పెట్టెలో పుస్తకం చూస్తే నాకు తృప్తి ఉండదు. సాయంత్రం తెరామాచి వీధిలో ఓ పాత పుస్తకాల షాపులో దూరాను. ఎడో కాలం (1603–1868) నాటి హ్యాకునిన్ ఇష్షు ప్రతులు రెండు నా చేతికే ఇచ్చారు. ఎంత తేలికో! కాగితానికి ఒకవైపే అచ్చు వేసి, అచ్చు బయటికి వచ్చేలా మడిచి, దారంతో కుట్టారు. పేజీలో కవి బొమ్మ, పక్కన గొలుసుకట్టు రాతలో పద్యం, పైన అంచులో ఆడపిల్లలకి పనికొచ్చే చదువు. బొమ్మా రాతా అన్నీ ఒకే చెక్క మీద తిరగేసి చెక్కినవే. 1608లో 'ఇసే మొనొగతారి' అనే పాత కథల పుస్తకం పాఠాన్ని విడి చెక్క అక్షరాలతో అచ్చేశారు. అయినా కొన్ని దశాబ్దాలకే చెక్కుడు పలకలదే పైచేయి అయింది. అక్షరాలు ఒకదాన్నొకటి అల్లుకునే రాతకి అదే సుఖం, పైగా పలకలు దాచుకుంటే ఎప్పుడంటే అప్పుడు మళ్లీ అచ్చెయ్యొచ్చు. 1775లో చిత్రకారుడు కత్సుకావా షున్షో ఇదే సంకలనాన్ని రంగుల్లో తెచ్చాడు. వైభవమే, కానీ పలక అరిగి గీత తెగిన నలుపు అచ్చే నాకు నచ్చుతుంది.

ఆ రాత ఇప్పటి జపాన్‌లోనూ చాలామందికి చదవరాదు. పక్కన పుస్తకాలు చూస్తున్న కాలేజీ అమ్మాయి మాత్రం కవయిత్రి ఓనో నో కొమాచి బొమ్మ చూడగానే, వానలో వాడిన పూల పద్యం గడగడా చెప్పేసింది. బడిలో కరుతా అనే పద్యాల చీట్ల ఆట ఆడి బట్టీ వచ్చేసిందట!

రెండో ప్రతిలో కొమాచి ఆకు ఎవరో చించుకుపోయారు. అందుకే సగం ధర. అదే కొన్నాను.