నీడ మనకొకటే, ఇంగ్లీషువాళ్లకి రెండు

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ పక్కన. "షాడోలో కూర్చుందాం నాన్నా" అంది మా చిన్నది. షేడ్ అనాలమ్మా అన్నాను. "రెండూ నీడే కదా?" అంది. నిజమే!

ఎండ తగలని చోటు షేడ్. నీళ్లలాగే దాన్ని మామూలుగా లెక్కపెట్టరు. ఇసుక మీద మన ఆకారంలో పడేది షాడో, దాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టొచ్చు. 'ఎ షేడ్' అన్నామంటే చాలాసార్లు రంగుల్లోకి పోతాం (చీరల కొట్లో అందరికీ తెలిసిన షేడ్ అదే). షాడో క్రియ అయితే ఎవరికీ తెలియకుండా వెంబడించడం.

2014లో హుద్‌హుద్‌ తుఫానుకి చెట్లు కూలాక మా వీధిలో షాడోలు మిగిలాయి, షేడ్ పోయింది. అదే చెప్పబోయా. వింటేనా, తన షాడోని తొక్కుదామని పరిగెడుతోంది.