కొత్తవాడ మగ్గం దగ్గర ఒక ప్రశ్న

ఆటిజం ఉన్నవారికి ఊహాశక్తి తక్కువనే నమ్మకం మన దగ్గర ఇంకా బలంగానే ఉంది. డైనా ముర్రే, వెన్ లాసన్, మైక్ లెసర్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన వ్యాసం దీన్ని వేరే కోణంలో చూపింది: ఆటిజం ఉన్నవారి ధ్యాస ఒకేసారి పది విషయాల మీదికి పోకుండా, ఒకటి రెండింటిలోనే లోతుగా దిగుతుందని వారు వివరించారు. లాసన్ స్వయంగా ఆటిజం ఉన్న వ్యక్తి కావడం వల్ల ఆ మాటకు నా దృష్టిలో బరువు ఎక్కువ.

మా అక్క కొడుకుకు ఆటిజం ఉంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేస్తుండగా, మేమంతా రంగులు చూస్తుంటే, వాడు రెండు రంగుల పేకదారాలు (అడ్డంగా నేసే దారాలు) కలిసే గీత దగ్గరే కూర్చుండిపోయి, ఏ రంగు దారం ఆ రంగు వైపే వెనక్కి తిరుగుతుంటే అక్కడ చీలిక ఎందుకు రాలేదని అడిగాడు. ఒక దారాన్ని ఇంకొకదానికి కొక్కెంలా తగిలిస్తామని నేతకారుడు విప్పి చూపించాడు. ఇంటికొచ్చాక వాడు గళ్ల కాగితం మీద రంగుల హద్దును నిలువుగా కాక మెట్లుమెట్లుగా దింపాడు. అలా నేస్తే దారాలు తగిలించకపోయినా పొడవాటి చీలిక రాదు. అది చూసి ఆ నేతకారుడు, "ఈ ఉపాయం మాకు ఎరుకే గానీ, ఎవలూ చెప్పకుండ పిలగాడు ఎట్ల పట్టిండు?" అన్నాడు.

ఆటిజం ఉన్న ప్రతి ఒక్కరిలో అసాధారణ ప్రతిభ వెతకడం కూడా అన్యాయమే. కానీ ఇలాంటి ధ్యాసను మొండితనంగా లెక్కగట్టి మాన్పించాలని చూసే బడులను నేను ఒప్పుకోలేను. వాడిప్పుడు గుండ్రటి గీతను మగ్గం మీద ఎలా తేవాలో ఆలోచిస్తున్నాడు.